నష్టం ఎవరి పద్దులో?

సంస్థను నడిపే మనిషిలో సామర్థ్యం, నీతి రెండూ ఎప్పుడు కలుస్తాయి? మేనేజ్‌మెంటు పుస్తకాలు ఈ ప్రశ్నకు గుణగణాల పట్టికతో జవాబిస్తాయి: దూరదృష్టి, నిజాయితీ, వినే ఓపిక, ధైర్యం. మగ్గం మీద బతికిన ఇంట్లో అడిగితే ఇదే ప్రశ్న వేరే రూపంలో వస్తుంది. నూలు ధర పెరిగినప్పుడు మజూరీ తగ్గించారా? బట్ట అమ్ముడుపోని నెలలో నూలు ఇచ్చారా, మగ్గం ఖాళీగా ఉంచారా? బాకీ పద్దు మనకు చదివి వినిపించారా? నా మట్టుకు నాకు ఈ రెండో రూపమే అసలు ప్రశ్న. లాభాలు వస్తున్నన్నాళ్లూ ఏ నాయకుడైనా మంచివాడుగానే కనిపిస్తాడు. నష్టం వచ్చిన రోజున దాన్ని ఎవరి నెత్తిన వేశాడో చూస్తే అతని సామర్థ్యమూ నీతీ ఒక్కసారే బయటపడతాయి. ఈ సంగతి ఆలోచించడానికి ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం కంటే తగిన చోటు నాకు కనిపించదు. వాన తప్పడం, పంట పోవడం, ధర పడిపోవడం ఇక్కడ ఏటా లెక్కలో వేసుకోవలసినవే.

ముందు నేత సంగతి. సహకార సంఘాలు రాకముందు చేనేత ఊళ్లలో నాయకత్వమంటే సాహుకారుదే. అతను నూలిస్తాడు, నేతగాడు ఇంటిల్లిపాదితో కలిసి నేస్తాడు. ఆసు పోసేది, కండెలు చుట్టేది ఆడవాళ్లు, పిల్లలు. వాళ్ల పేర్లు ఏ పద్దులోనూ ఉండవు. బట్ట తెచ్చి అప్పగించాక మజూరీ లెక్క కడతారు. పాత బాకీ, వడ్డీ, నేతలో తప్పులకు కోత పోను మిగిలింది చేతికొస్తుంది. బట్ట ధర పెరిగితే ఆ పెరుగుదల సాహుకారుది. ధర పడితే అతను నూలు ఇవ్వడం ఆపుతాడు, మగ్గం ఆగుతుంది, ఇంట్లో పొయ్యి కూడా ఆగుతుంది. సాహుకార్లలో దయగలవాళ్లు లేరని నేననను. పెళ్లికి అప్పిచ్చినవాళ్లు, జబ్బు చేస్తే వైద్యం చేయించినవాళ్లు ప్రతి చేనేత ఊళ్లోనూ ఉన్నారు. అయితే ఆ దయ నేతగాడి అప్పును పెంచింది, నష్టం పారే దారిని మాత్రం మార్చలేదు. నష్టం పైనుంచి కిందికే పారింది. నాయకత్వంలో నీతి గురించి మాట్లాడేటప్పుడు మనం తరచు పొరబడేది ఇక్కడే. మంచి మనిషిని చూసి, అతను నడిపే ఏర్పాటు కూడా మంచిదే అనుకుంటాం.

1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరు చేనేతకారుల సహకార సంఘాన్ని స్థాపించారు. ఊళ్లో అందరూ దాన్ని వై.డబ్ల్యూ.సి.ఎస్. అనే అంటారు. అప్పటికి ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, బళ్ళారి జిల్లాలో, ఆదోని తాలూకాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారిని విడిచి కర్నూలు జిల్లాలో చేరాయి. మరుసటి ఏడు, పద్మ పురస్కారాలు మొదలైన 1954లోనే, సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. బట్టల సంఘం నడిపినందుకు ఒక తాలూకా మనిషికి దేశం అంత గౌరవం ఇవ్వడం చిన్న విషయం కాదు. చేనేత అప్పటికి వ్యవసాయం తర్వాత ఎక్కువమందికి అన్నం పెట్టే పని. దాన్ని నిలబెట్టే దారి వెతుకుతున్న ప్రభుత్వానికి సహకార సంఘం ఒక్కటే నమ్మదగిన సాధనంగా కనిపించింది.

ఇలాంటి సంఘం చేసే పని పైకి మామూలుగానే ఉంటుంది. సభ్యుల షేరు ధనం, బ్యాంకు అప్పు కలిపి నూలు ఒకేసారి ఎక్కువగా కొంటుంది. చిలపల నూలును సభ్యులకు పంచి, నేసిన బట్టను తనే తీసుకుని మజూరీ ఇస్తుంది. దుప్పట్లు, తువ్వాళ్లు, లుంగీలు గోదాములో పేరుస్తుంది. గిరాకీ ఉన్న చోటికి పంపి అమ్ముతుంది. జాగ్రత్తగా గమనిస్తే ఇందులో ప్రతి మెట్టూ నష్టానికి సంబంధించినదే. నూలు ధర ఎగుడుదిగుడులు సంఘం మీద పడతాయి, సభ్యుడి మజూరీ మీద పడవు. అమ్ముడుపోని సరుకు గోదాములో ఉంటుంది, నేతగాడి ఇంట్లో ఉండదు. లాభంలో కొంత రిజర్వు నిధికి వెయ్యాలని సహకార చట్టమే చెబుతుంది. చెడ్డ ఏడాదికి అదే ఆసరా. అంటే ఒక్కడు మొయ్యలేని దాన్ని వందలమంది తలా కొంత మోసేలా ఏర్పాటు చెయ్యడమన్నమాట.

ఈ ఏర్పాటును నడపడానికి మంచితనం ఒక్కటే చాలదు. ఏ కౌంటు నూలు ఎప్పుడు కొనాలి, ఎంత నిల్వ పెట్టుకోవాలి, ఏ అంచు ఏ ఊళ్లో పోతుంది, బ్యాంకు వాయిదా ఎప్పుడు కట్టాలి అన్నవి తెలియని నీతిపరుడు సంఘాన్ని రెండేళ్లలో ముంచుతాడు. అప్పుడు ఆ నష్టం మళ్లీ నేతగాడిదే. అందుకే సామర్థ్యాన్ని నీతికి పక్కన పెట్టే అదనపు గుణంగా చూడడం నాకు తప్పుగా తోస్తుంది. పదిమంది డబ్బు చేతిలో ఉన్నప్పుడు లెక్క రాకపోవడం కూడా అనీతే.

సంఘాలు కుదురుకుంటున్న రోజుల్లోనే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, నూలు మీద కంట్రోలు వచ్చింది. నూలు కోటా చేతిలో ఉన్నవాడికి మగ్గం ఆడించకుండానే డబ్బు: కోటాను చీకటి బజారులో అమ్మితే చాలు. స్వాతంత్ర్యం తర్వాత మరో ఆకర్షణ తోడైంది. 1953లో మిల్లు బట్ట మీద అదనపు సుంకం వేసి ఆ సొమ్ముతో చేనేతకు సాయం చేసే చట్టం వచ్చింది. చేనేత బట్ట అమ్మకం మీద రిబేటు ఇవ్వడం మొదలైంది. రిబేటు కోసం కాగితాల మీద పుట్టిన బోగస్ సంఘాలు తెలుగునాట ఎన్నో. సభ్యుల పేర్లుంటాయి, మగ్గాలుండవు. కొన్న మిల్లు బట్టకు చేనేత ముద్ర పడుతుంది. అదే కాలంలో చీరాల వైపు ప్రగడ కోటయ్య చట్టసభల్లోనూ, వీధిలోనూ నేతగాళ్ల తరఫున పోరాడారు. ప్రభుత్వాన్ని నిలదీసే నాయకుడొకరు, గోదాము నడిపే నాయకుడొకరు. ఈ ఇద్దరిలో మొదటివారిని మనం పాటల్లో, విగ్రహాల్లో గుర్తుపెట్టుకుంటాం. రెండో రకం పని చరిత్రలో కనబడదు, ఎందుకంటే అది బాగా జరిగినప్పుడు ఏ గొడవా ఉండదు.

సోమప్ప సంఘం పెట్టిన 1938లోనే అమెరికాలో చెస్టర్ బర్నార్డ్ రాసిన ‘ద ఫంక్షన్స్ ఆఫ్ ది ఎగ్జిక్యూటివ్’ అచ్చయింది. బర్నార్డ్ న్యూజెర్సీలో టెలిఫోన్ కంపెనీ అధ్యక్షుడు. ఆయన చెప్పినదాని సారం ఇది: అధికారం కుర్చీలో లేదు, ఆజ్ఞను అందుకునేవాడు దాన్ని ఒప్పుకోవడంలో ఉంది. సంస్థలో అందరూ నమ్మి నడుచుకునే నియమాలను తయారుచెయ్యడం, నిలబెట్టడం పై అధికారి చేసే పనుల్లోకెల్లా పెద్దది. ఈ మాట అంతకు ముందరి ఆలోచనకు ఎదురు నిలిచింది. అప్పటిదాకా పరిశోధకులు నాయకుడి లక్షణాలను వెతికారు: ఎత్తు, మాటకారితనం, తెలివి, పట్టుదల. 1948లో రాల్ఫ్ స్టాగ్డిల్ అలాంటి 124 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూసి, లక్షణాల వల్ల మాత్రమే ఎవరూ నాయకులు కారని తేల్చాడు. సందర్భం మారితే అదే మనిషి పనికిరాకుండా పోవచ్చు. ఇంత తేలినా ఉద్యోగ ప్రకటనల్లో, వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో ఆ పట్టికలు ఇప్పటికీ బతికే ఉన్నాయి.

1939లో కర్ట్ లెవిన్, అతని సహచరులు పదేళ్ల వయసు మగపిల్లల బృందాల మీద చేసిన ప్రయోగం నాకు వీటన్నిటికంటే పనికొచ్చేదిగా కనిపిస్తుంది. ఒక బృందానికి పెత్తనం చేసే పెద్ద, ఒకదానికి పిల్లలతో కలిసి నిర్ణయించే పెద్ద, ఇంకోదానికి ఏదీ పట్టించుకోని పెద్ద. పెత్తందారు ఎదురుగా ఉన్నంతసేపూ పని బాగానే సాగింది. అతను గదిలోంచి బయటికి వెళ్లగానే కుంటుపడింది. కలిసి నిర్ణయించుకున్న పిల్లలు మాత్రం పెద్ద లేనప్పుడు కూడా పని కొనసాగించారు. నాయకుడు గది విడిచాక ఏమవుతుందన్న ఈ ప్రశ్న మన సహకార సంఘాలన్నిటికీ వర్తిస్తుంది. దానికి మళ్లీ వస్తాను.

మిగతా సాహిత్యాన్ని తొందరగా దాటవచ్చు. మాక్స్ వెబర్ ఆకర్షణశక్తితో వచ్చే అధికారం ఎక్కువ కాలం నిలవదనీ, అది నియమాలుగానో వారసత్వంగానో మారక తప్పదనీ చూపాడు. రాబర్ట్ మిషెల్స్ 1911లో జర్మన్ సోషలిస్టు పార్టీని పరిశీలించి, ప్రజాస్వామ్యం కోసం పుట్టిన సంస్థలు కూడా చివరికి కొద్దిమంది చేతుల్లోకే పోతాయన్నాడు. 1978లో జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ ఇచ్చిపుచ్చుకునే నాయకత్వాన్నీ, అనుచరులనూ తననూ మార్చుకునే నాయకత్వాన్నీ వేరుచేశాడు. రాబర్ట్ గ్రీన్‌లీఫ్ 1970లో సేవక నాయకుడి గురించి రాశాడు. అతనూ టెలిఫోన్ కంపెనీ మనిషే కావడం తమాషా. గ్రీన్‌లీఫ్ పెట్టిన పరీక్షలో ఒక భాగం నన్ను ఎప్పుడూ ఆపుతుంది: సమాజంలో అందరికంటే అడుగున ఉన్నవాడికి ఈ నాయకత్వం వల్ల మేలు జరిగిందా, కనీసం ఉన్నది పోకుండా ఉందా? పుస్తకాల్లోని నాయకత్వ చర్చ మా సీమ అనుభవానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చింది ఇక్కడే.

మా అనుభవం చాలా పాతది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక థామస్ మన్రో దత్తమండలాల కలెక్టరుగా వచ్చాడు, 1807 దాకా ఉన్నాడు. గుడారాల్లో ఉంటూ తాలూకాలు తిరిగాడు, రైతువారీ శిస్తు పద్ధతిని స్థిరపరిచాడు, 80 మంది పాలెగాళ్లను అణచాడు. అతను కంపెనీ నౌకరు, వలస పాలనకు పునాది రాయి వేసినవాడు, అది మరచిపోకూడదు. అయినా 1807లో ఇక్కడినుంచి వెళ్లేముందు అతను పైవాళ్లకు రాసిన సిఫారసు చూడండి. రైతు మొయ్యలేకపోతున్నాడు, భూములన్నిటిమీదా శిస్తు నాలుగోవంతు తగ్గించమన్నాడు. బావులు, చెరువుల కింది భూములకు ఇంకొంచెం ఎక్కువ తగ్గించమన్నాడు. ఎంత ఎక్కువ వసూలు చేస్తే అంత మంచి కలెక్టరు అనే రోజుల్లో తన వసూళ్లే ఎక్కువయ్యాయని రాయడం తేలిక కాదు. మద్రాసు ప్రభుత్వం అప్పుడు ఒప్పుకోలేదు. 1820లో తనే గవర్నరయ్యాక తగ్గింపు అమలుకు వచ్చింది. 1827 జూలై 6న, పదవి విడిచే ముందు ఈ జిల్లాలు చూడడానికి వచ్చి, కలరాతో పత్తికొండలో చనిపోయాడు.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే కథ 1876-78 కరువుది. బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ అసమర్థుడు కాడు. 1873-74లో బీహారులో కరువు వచ్చినప్పుడు బర్మా నుంచి బియ్యం తెప్పించి పంచాడు. ఆకలితో చచ్చినవాళ్లు బహు తక్కువ. అందుకు మెచ్చుకోలు రాలేదు, దుబారా చేశావని మందలింపు వచ్చింది. 1877 మొదట్లో అతన్నే మద్రాసు కరువు చూడమని పంపారు. ఈసారి పొదుపు చేసి చూపించాలనుకున్నాడు. కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగవాడికి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు తగ్గించాడు. పౌను అంటే అరకిలో కన్నా తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ ఆ తిండితో పనిచేసే మనిషి బతకడని వాదించాడు, అంకెలతో రాశాడు, పై అధికారితో బహిరంగంగా తలపడ్డాడు. కొన్ని నెలల తర్వాత కూలి పెంచారు. ఆలోగా జరగాల్సింది జరిగిపోయింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య బళ్ళారి జిల్లాలో దాదాపు అయిదోవంతు, కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగోవంతు మనుషులు తగ్గిపోయారు. ఆదోని తాలూకా అప్పుడు బళ్ళారి జిల్లాలోదే.

ఒకే మనిషి రెండు కరువుల్లో రెండు రకాలుగా ఎందుకు నడుచుకున్నాడు? అతని స్వభావం మూడేళ్లలో మారిపోలేదు. అతన్ని కొలిచే కొలత మారింది. మనుషుల ప్రాణాలతో కొలిస్తే బీహారులో గెలిచాడు. ఖజానాతో కొలిచేసరికి ఆ గెలుపే తప్పయింది. పైవాడి కోపం తన మీద పడకుండా ఆ బరువును కూలివాళ్ల గిన్నెలోకి దించాడు. సంస్థల్లో నీతి తప్పడం ఎక్కువసార్లు ఇలాగే జరుగుతుంది. దుర్మార్గులు అరుదు. పైనుంచి వచ్చిన ఒత్తిడిని తనలో ఆపుకోలేక కిందికి వదిలేసేవాళ్లే ఎక్కువ. మన్రో, కార్నిష్ చేసింది దీనికి వ్యతిరేకమైన పని: కిందివాళ్ల బరువును పైకి మోసుకెళ్లి చూపించారు.

వందేళ్ల తర్వాత ఈ జిల్లాకే వచ్చిన మరో విదేశీయుడు, పరిశోధకుడు రాబర్ట్ వేడ్. కర్నూలు జిల్లాలో తుంగభద్ర నీళ్లు పారే ఊళ్లను చూసి 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ అనే పుస్తకం తెచ్చాడు. అసలు పేరు దాచి కొత్తపల్లె అని పిలిచిన ఊళ్లో అతనికి ఒక వింత కనిపించింది. చట్టం పెట్టిన పంచాయతీకి సంబంధం లేకుండా ఊరివాళ్లు సొంత మండలి పెట్టుకున్నారు. దానికి సొంత నిధి ఉంది. చేలకు కావలి కాసేవాళ్లకూ, అందరి పొలాలకూ వంతు ప్రకారం నీళ్లు పారించేవాళ్లకూ అది జీతాలిస్తుంది. కోతలయ్యాక పొలాల్లో గొర్రెల మందలు మేసే హక్కును వేలం వేసి ఆ డబ్బు నిధిలో వేస్తుంది. అన్ని ఊళ్లలోనూ ఇలా లేదు. ఎక్కడ ఉందో చూస్తే, కాలువ చివర ఉండి నీళ్లు ఎప్పుడు ఆగుతాయో తెలియని ఊళ్లలో ఎక్కువ ఉంది. కాలువ మొదట్లో నీళ్లు దండిగా ఉన్నచోట ఎవరికీ అవసరం పడలేదు.

వేడ్ చెప్పిన కారణంలో సెంటిమెంటు లేదు. ఆ మండలి పెద్దలు ఊళ్లో భూమి ఎక్కువగా ఉన్నవాళ్లే. వాళ్ల పొలాలు కూడా చెల్లాచెదురుగా, అందరి పొలాల మధ్య ఉన్నాయి. నీళ్లు అందకపోతే ముందు ఎండేది వాళ్ల చేలు కూడా. కాబట్టి పని జరిగింది. పేదవాళ్ల కోసమో, సమానత్వం కోసమో ఆ మండళ్లు పుట్టలేదు. ఆ మాట దాచకూడదు. భూమిలేని వాళ్లకు అందులో దక్కింది తక్కువ. అయినా ఒక పాఠం మాత్రం గట్టిగా నిలుస్తుంది: నిర్ణయం తీసుకునేవాడు నష్టంలో భాగస్థుడైతే నాయకత్వం మెలకువగా ఉంటుంది. ఇదే పరిశోధకుడు 1982లో దక్షిణ భారతంలో కాలువ ఇంజనీర్ల మధ్య జరిగే డబ్బు వ్యవహారం మీద ఒక వ్యాసం రాశాడు. మంచి చోటుకు బదిలీ కోసం పైకి డబ్బు కట్టాలి, కట్టింది రైతుల దగ్గర రాబట్టాలి. ఆ గొలుసులో ఒక్క ఇంజనీరు నిజాయితీగా ఉంటానన్నా అతన్ని ఉండనివ్వరు. టెంపుల్ కథ ఇక్కడ మళ్లీ కనబడుతుంది. పైవాడి ఆకలి కిందివాడి కంచంలోంచే తీరుతోంది.

ఇప్పుడు గది విడిచిన నాయకుడి సంగతి. ఎమ్మిగనూరులో సోమప్ప పేరుతో సర్కిల్ ఉంది, వీవర్స్ కాలనీ ఉంది, పెద్ద పెద్ద సభలు జరిగే సంఘం మైదానం ఉంది. సంఘానికి మాత్రం పాత వైభవం లేదు. ఇందులో చాలా భాగం ఏ ఒక్క నాయకుడి చేతిలోనూ లేదు. మరమగ్గాలు వచ్చి తువ్వాళ్లు, లుంగీలు, దుప్పట్ల బజారును పట్టుకున్నాయి. 1985లో 22 రకాల బట్టలను చేనేతకే కేటాయిస్తూ చట్టం వచ్చింది. మిల్లులు కోర్టుకెళ్లాయి, ఏళ్లు గడిచాయి, చివరికి ఆ 22 రకాలు 11కు కుదించుకుపోయాయి. కాగితం మీద మిగిలిన ఆ కేటాయింపు కూడా బజారులో అమలు కాదు. 1991లో నూలు ధరలు ఎగబాకినప్పుడు రాష్ట్రంలో నేతగాళ్ల ఆకలిచావులు వార్తలకెక్కాయి. 1976లో ఏర్పడిన రాష్ట్ర చేనేత సహకార సంస్థ ఆప్కో కొన్న బట్టకు సంఘాలకు బాకీలు పడడం మామూలైపోయింది. ఇన్ని దెబ్బల కింద ఎంత మంచి పాలకవర్గమైనా నలుగుతుంది.

కానీ ఒక సంగతి మన చేతిలోనే ఉంది, దాన్ని మనమే వదులుకున్నాం. 1964 ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టంలో రిజిస్ట్రారుకు పాలకవర్గాన్ని రద్దుచేసే అధికారం 34వ సెక్షనులో ఉంది. 51వ సెక్షను కింద విచారణ, 60వ సెక్షను కింద సర్‌ఛార్జి. అవినీతి పట్టడానికి పెట్టిన ఈ ఆయుధాలు చాలాసార్లు ప్రత్యర్థి పార్టీ పాలకవర్గాన్ని దించడానికి పనికొచ్చాయి. దించాక ఎన్నికలు వాయిదా, కుర్చీలో ప్రభుత్వం నియమించిన పర్సన్ ఇన్‌చార్జి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు చివరిగా ఎన్నికలు జరిగింది 2013లో. ఆ తర్వాత నామినేటెడ్ కమిటీలే. చేనేత సంఘాల పరిస్థితీ ఇంతకంటే మెరుగు కాదు. పర్సన్ ఇన్‌చార్జి వ్యక్తిగా ఎంత మంచివాడైనా కావచ్చు. సంఘం మునిగితే అతని షేరు ధనం మునగదు, అతని మగ్గం ఆగదు. మహాజన సభలో లేచి నిలబడి అతన్ని దిగిపొమ్మనే అధికారం ఏ సభ్యుడికీ లేదు. కాలువ చివరి ఊళ్లో వేడ్ చూసిన మండలికీ దీనికీ ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది.

ఇందుకు విరుగుడుగానే 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చారు. ప్రభుత్వ షేరు ధనం తీసుకోకుండా, సభ్యుల డబ్బుతో, సభ్యుల నిబంధనలతో నడిచే సంఘాలకు అందులో చోటు దొరికింది. దేశంలోనే మొదటిసారి వచ్చిన ఆ చట్టాన్ని తెలుగువాళ్లు ఇంకా గట్టిగా వాడుకోవాల్సింది. తెలంగాణలో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి నాయకత్వంలో మొదలైన ముల్కనూరు సంఘం వ్యవస్థాపకుడి తర్వాత కూడా నిలిచింది. అక్కడ అప్పు ఇవ్వడం, విత్తనం అమ్మడం, పంట కొనడం ఒకే గొడుగు కింద ఉన్నాయి. రైతు ఏడాది పొడవునా సంఘంతో ఏదో ఒక పనిమీద తగులుతూ ఉంటాడు. తగులుతున్నవాడికే లెక్క అడగాలనిపిస్తుంది. కర్నూలు జిల్లాలోనే ఓర్వకల్లులో ఆడవాళ్ల పొదుపు సంఘాలు మండల సమాఖ్యగా ఎదిగాయి. వారం వారం కూర్చుని, చదువురానివాళ్లకు వినబడేలా పద్దు చదవడం, అప్పు ఎవరికివ్వాలో అందరి ముందూ తేల్చడం అక్కడ నడిపించే సూత్రం. పొదుపు పోతే పోయేది వాళ్ల పది రూపాయలే. అందుకే ఆ చదువు నిజంగా చదువుతారు.

ఇదే జిల్లా పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య గురించి చెప్పేటప్పుడు మనం ఆయన నిరాడంబరత దగ్గరే ఆగిపోతాం. 1960లో ఆయన దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి అయ్యారు. నాకు అంతకంటే పెద్దగా కనిపించేది ఆయన హయాంలో, 1961 జనవరిలో, అవినీతి నిరోధక శాఖ ఏర్పడడం. తను నిజాయితీపరుడైన ముఖ్యమంత్రి తన నిజాయితీ మీద ఆధారపడని కాపలాను పెట్టి వెళ్లారు. ఆ శాఖ తర్వాత ఎవరి చేతుల్లో ఎలా పనిచేసిందన్నది వేరే కథ. ఉద్దేశం మాత్రం సరైనది.

అలాంటి కాపలాలన్నీ కాగితం మీద ఉండీ విఫలమైనది సత్యం కంప్యూటర్స్‌లో. పేరున్న ఆడిటర్లు, విదేశాల్లో చదువు చెప్పే స్వతంత్ర డైరెక్టర్లు, మంచి పాలనకు అవార్డులు, ఊళ్లలో 108 అంబులెన్సుల పుణ్యం. 2009 జనవరి 7న సంస్థ అధినేత రామలింగరాజు ఉత్తరంతో 7,000 కోట్లకు పైగా లెక్కలు అబద్ధమని బయటపడింది. 2015లో ప్రత్యేక న్యాయస్థానం దోషిగా తేల్చింది. దానం నిజమే, అంబులెన్సులు నిజమే. పద్దు మాత్రం అబద్ధం. ఆ అబద్ధం మోసినవాళ్లు వేలమంది చిన్న వాటాదారులు, ఉద్యోగులు.

ఆదోనికి మళ్లీ వస్తాను. రెండో ముంబయి అని పేరు తెచ్చుకున్న ఈ ఊరి మార్కెట్ యార్డుకు పత్తి, వేరుశనగ, ఆముదాలు రోజూ వస్తాయి. ఇక్కడ నాయకత్వం వహించేది మార్కెట్ కమిటీ. పంట తెచ్చిన రైతు నష్టం పడే చోట్లు మూడు: ధర వేసేటప్పుడు, తూకంలో తరుగు తీసేటప్పుడు, డబ్బు ఆలస్యమైనప్పుడు. భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు కేంద్రంలో పత్తి తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే కొనరు. వాన ఆఖర్లో పడితే ఆ తేమ రైతు తప్పు కాదు. అయినా కోత అతనిదే. ఈ కమిటీలో ఎవరుండాలి, ఏ పార్టీవాళ్లుండాలి అన్న చర్చ ప్రతి ప్రభుత్వంలోనూ జోరుగా సాగుతుంది. ఏ రోజు ఏ లాటుకు ఎంత తరుగు తీశారు, ఎందుకు తీశారు అన్నది యార్డు గోడ మీద రాయాలన్న చర్చ అంతలో పదోవంతు కూడా జరగదు. కమిటీ అధ్యక్షుడి కులం తెలిసినంత స్పష్టంగా తరుగు లెక్క రైతుకు తెలియాలి.

యార్డు దాకా రాలేనివాళ్ల సంగతి ఇంకా గట్టిది. ఖరీఫ్ పోయిన ఏడాది కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల నుంచి వేల కుటుంబాలు సుగ్గికి, అంటే వలస పనులకు, పోతాయి. మిరపకోతకు గుంటూరు వైపు, పత్తి తీతకు తెలంగాణ వైపు, కట్టడం పనులకు బెంగళూరు. పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెడుతుంది. చాలామంది పిల్లలు తల్లిదండ్రుల వెంటే పోతారు, బడి అక్కడితో తెగిపోతుంది. ఈ కుటుంబాలకు నాయకుడు మేస్త్రీ. బండి మాట్లాడేది, అడ్వాన్సు పంచేది, ఆసామితో కూలి ఖరారు చేసేది, తేడా వస్తే మాట్లాడేది అతనే. వందమంది జీవనాన్ని నాలుగు నెలలు నడిపే మనిషి అతను. నాయకత్వం మీద వచ్చిన ఏ పుస్తకంలోనూ అతని ప్రస్తావన నాకు కనబడలేదు. అతనూ ఎక్కువసార్లు అదే ఊరి బీదవాడు, ఆసామి డబ్బు ఎగ్గొడితే చిక్కుల్లో పడేది అతనే. అందుకని ఆ నష్టాన్ని కూలీల అడ్వాన్సు పద్దులోకి తోస్తాడు, మరుసటి ఏడాది సుగ్గికి వాళ్లు తప్పనిసరిగా రావలసి వస్తుంది. వలస కూలీల కోసం 1979లో చేసిన చట్టం రాష్ట్రం సరిహద్దు దాటినవాళ్లకే వర్తించింది. కోసిగి నుంచి గుంటూరు పోయినవాళ్లు దాని లెక్కలోకే రాలేదు.

ఇక్కడ చెయ్యగలిగిన పని ఒకటుంది, దానికి పెద్ద ఖర్చు లేదు. బయల్దేరే ముందే ఎవరికి ఎంత అడ్వాన్సు ఇచ్చారో, అక్కడ ఎన్ని రోజులు పనిచేశారో, ఎంత బరువు కోశారో, ఏ కోత ఎందుకు పడిందో కూలి చేతిలోనే ఉండే పుస్తకంలో రాయాలి. మేస్త్రీ ఒక్కడే రాస్తే చాలదు. ఊళ్లో పద్దులు రాయడం, చదివి వినిపించడం అలవాటైన ఆడవాళ్లు పొదుపు సంఘాల్లో ఉన్నారు. గ్రామ సమాఖ్య దగ్గర ఆ పుస్తకానికి ఒక నకలు ఉండాలి. ఆసామి డబ్బు ఎగ్గొడితే ఆ నష్టంలో మేస్త్రీకెంత, కూలికెంత అన్నది తిరిగొచ్చాక సమాఖ్య ముందు కూర్చుని తేల్చుకోవాలి. కోసిగి మండలంలో ఒక్క సుగ్గి కాలం ఇలా నడిపి చూడడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.